వస్తువు పోతే మాట కూడా పోవాలా?

యశోదమ్మ చిన్నికృష్ణుణ్ణి రోటికి కట్టేసిన కథ మన పిల్లలందరికీ వచ్చు. బొమ్మ కూడా ముద్దుగా వేస్తారు. కానీ ఆ రోలు ఎందుకు వాడతారని అడిగితే చాలామంది దిక్కులు చూస్తారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఫ్లాట్ బుష్‌లో మన ఇళ్ళల్లో మిక్సీలున్నాయి గానీ రోళ్ళు లేవు కదా!

"వాడని వస్తువు పేరు నేర్పడం ఎందుకండీ? ముందు గుణింతాలు రానివ్వండి" అంటారు కొందరు తల్లిదండ్రులు. వారానికి ఒక్కసారి జరిగే క్లాసు కాబట్టి ఈ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా నా అభిప్రాయం వేరు. వస్తువు వంటింట్లోంచి పోయినా దాని పేరు భాషలో పని చేస్తూనే ఉంటుంది. "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్లు" అనే సామెతనే తీసుకోండి. రోలుకు ఒకవైపే దెబ్బలు, పాపం మద్దెలకు రెండువైపులా! ఈ రెండూ ఎలా ఉంటాయో తెలియని పిల్లవాడికి ఇందులో నవ్వెలా వస్తుంది?

మన పాత కొలపాత్రల సంగతి చూడండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి కొంత తేడా ఉన్నా, ఈ లెక్కన కుంచానికి 64 గిద్దలు. మధ్యలో అరసోలను కూడా కలుపుకుంటే 1, 2, 4, 8, 16, 32, 64. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళం రోజూ వాడే లెక్క ఇదే! మన దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక ఈ పాత్రలు అంగళ్ళలోంచి క్రమంగా తప్పుకున్నాయి. గిద్దలూ సోలలూ చెప్పి లెక్క వేయమంటే పిల్లలకు తెలుగూ వస్తుంది, గణితమూ వస్తుంది.

ఇవి చిన్న విషయాలని పెద్దలెవరూ అనుకోలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, మామూలు జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలు ఆడుకున్నారో పాత కావ్యాల్లోంచి ఏరి కూర్చారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తన తొలి బహుమతిని ఆ పుస్తకానికే ఇచ్చింది. ఆ కాలపు కవులు వస్తువుల పేర్లు రాసిపెట్టబట్టే అది సాధ్యమైంది.

మనకు దగ్గర్లోనే పకురంగలో హోవిక్ హిస్టారికల్ విలేజ్ ఉంది. 1847 నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన ఫెన్సిబుల్ సైనికుల కుటుంబాలు ఎలా బతికాయో చూపించే ఊరు అది. వలస వచ్చినవాళ్ళ ఇళ్ళనూ సామాన్లనూ ఈ దేశం అంత శ్రద్ధగా దాచుకుంటోంది. మనమూ వలస వచ్చినవాళ్ళమే. మన సామాన్ల పేర్లయినా దాచుకోవద్దా?

అలాగని పాతకాలమే బంగారమని నేననను. తెల్లవారకముందే దంపి, విసిరి, రుబ్బి మన అమ్మమ్మల చేతులు కాయలు కాచాయి. మిక్సీ రావడం మంచిదే. ఆ కష్టం ఎలాంటిదో మనవలకు తెలియాలన్నా తిరగలి అనే మాట ఉండాలి.

అందుకే నా సూచన ఇది. ప్రతి టర్మ్‌లో ఒక క్లాసు వస్తువులకు కేటాయిద్దాం. వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలే ఆ రోజు టీచర్లు. కవ్వం, చేట, జల్లెడ, మరచెంబు - ఒక్కొక్కటి చేత్తో పట్టుకుని చూపించాలి. మర తిప్పి మూసే ఇత్తడి చెంబు నేటి వాటర్ బాటిల్‌కు ముత్తాత అంటే పిల్లలు మరి మరచిపోరు. ఇండియా నుంచి తెచ్చేవాళ్ళకు ఒక మాట: చేట, కవ్వం లాంటి వెదురు, చెక్క సామాన్లు విమానాశ్రయంలో తప్పనిసరిగా డిక్లేర్ చేయాలి. ఇత్తడి చెంబయితే ఆ బెడద ఉండదు.

వస్తువు పాతబడితే అటకెక్కిద్దాం, తప్పులేదు. మాటను మాత్రం పిల్లల నోట్లోనే ఉంచుదాం. తల్లిదండ్రులారా, ఆలోచించండి!