డాలర్‌ని 84తో గుణిస్తే సరిపోదు బ్రో!

డల్లాస్ నుంచి మా బావ వస్తున్నాడని తెలియగానే అనంతపురంలో ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట: "ఐఫోన్ 16 తెప్పించురా, అక్కడ చీప్!"

నిజంగా చీపేనా? లెక్క చూద్దాం. 2024 సెప్టెంబర్‌లో లాంచ్ అయినప్పుడు 128 జీబీ మోడల్ అక్కడ 799 డాలర్లు, ఇక్కడ ₹79,900. అప్పట్లో డాలర్ సుమారు ₹84. అంటే ₹67 వేలే అనిపిస్తుంది. కానీ మన ధరలో 18% జీఎస్టీ కలిసే ఉంది, వాళ్ల ధరలో సేల్స్ ట్యాక్స్ లేదు. డల్లాస్‌లో 8.25% కలిపితే 865 డాలర్లు, దాదాపు ₹72,700. పైగా అమెరికా ఫోన్‌లో సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ ఒక్కటే. మిగిలేది ఏడు వేలు.

అసలు తేడా సంపాదనలో ఉంది. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. రోజుకు 8 గంటల చొప్పున 15 రోజుల పనితో ఫోన్ వచ్చేస్తుంది. మరి ఇక్కడ? ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. 2024-25లో ఏపీలో ఆ కూలి రోజుకు ₹300. అదే ఫోన్‌కి 267 రోజులు! అప్పట్లో ఏడాదికి ఒక కుటుంబానికి హామీ 100 రోజులే ఉండేది.

టిఫిన్, అద్దె, కటింగ్ మన దగ్గర చవకే. ఫోన్‌కి మాత్రం ఆ దయ లేదు. అందుకే "కేవలం ₹80 వేలే" అని ఇకపై నేను ఏ రివ్యూలోనూ రాయను. ఫోన్ కొనేముందు ధరని మీ రోజు జీతంతో భాగించి చూడండి.

బావకి చెప్పేశా, ఫోన్ వద్దని.