లేజర్ ఎన్‌గ్రేవర్ కొంటున్నారా? వాట్స్ కంటే ముందు లైన్, ఫిల్ తేడా తెలుసుకోండి

లేజర్ ఎన్‌గ్రేవర్ కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని వాట్స్?" అనే. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో ఆపరేషన్ తప్పుగా ఎంచుకుంటే 5 వాట్స్ మెషీనైనా, 20 వాట్స్ మెషీనైనా చెక్క పాడవడం ఖాయం.

చాలామంది వాడే లైట్‌బర్న్‌నే తీసుకోండి. ఇందులో ఒక్కో రంగు ఒక్కో లేయర్. ప్రతి లేయర్‌కీ లైన్ కావాలా, ఫిల్ కావాలా అన్నది మీరే చెప్పాలి. లైన్ అంటే లేజర్ గీత వెంటే పోతుంది. ఫిల్ అంటే గీత లోపలి భాగమంతా అటూ ఇటూ తిరుగుతూ కాలుస్తుంది. 'కట్' అని వేరే మోడ్ ఉంటుందేమో అని వెతక్కండి. లైన్‌లోనే స్పీడ్ తగ్గించి, పవర్ పెంచితే అదే కటింగ్.

ఈ తేడా వల్ల టైమ్ ఎంత మారుతుందో చూడండి. 100 మి.మీ. చదరపు కోస్టర్ మీద పేరు చెక్కాలి. పేరు ఉబ్బెత్తుగా కనిపించాలని చుట్టూ బ్యాక్‌గ్రౌండ్ అంతా ఫిల్ పెడితే, 0.1 మి.మీ. ఇంటర్వల్‌తో 1,000 గీతలు. అంటే దాదాపు 100 మీటర్ల ప్రయాణం! నిమిషానికి 6,000 మి.మీ. స్పీడ్‌లోనూ సుమారు 17 నిమిషాలు. అదే 20 మి.మీ. ఎత్తున్న పేరు ఒక్కటే ఫిల్ చేస్తే 200 గీతలు, మూడున్నర నిమిషాల్లోపే పని అయిపోతుంది. పెళ్లి రిటర్న్ గిఫ్టులకి 50 కోస్టర్లు ఒప్పుకున్నవాళ్లకి ఇది 14 గంటలకీ, 3 గంటలకీ ఉన్న తేడా.

మన తెలుగు అక్షరాలతో ఇంకో చిక్కుంది. 'ప', 'స' లాంటి అక్షరాలకి తలకట్టు విడిగా ఉంటుంది. వాటిని లైన్‌లో కట్ చేస్తే తలకట్టు వేరే ముక్కగా ఊడొస్తుంది. అందుకే అక్షరాలకి ఫిల్, బయటి అంచుకి లైన్ పెట్టడమే మేలు. అక్షరాలే కట్ చేసి తీరాలంటే కింద ఒక పట్టీ గీసి అన్నిటినీ దానికి కలపండి. వత్తులు అక్షరం మీదికి వచ్చిన చోట ఫిల్ ఖాళీ వదిలేస్తుంది కాబట్టి ముందే వెల్డ్ చేయండి.

వరుస కూడా ముఖ్యమే. ముందు చెక్కడం, తర్వాత లోపలి రంధ్రాలు, చివర్లో బయటి అంచు. అంచు ముందే తెగితే ముక్క కదిలిపోతుంది, ఆ తర్వాత చెక్కేదంతా పక్కకి పోతుంది.

నా సలహా ఒక్కటే. ఫ్రీ ట్రయల్ దించుకుని మీ డిజైన్‌ని ప్రివ్యూలో నడిపించి చూడండి. మీ పనిలో ఫిల్ ఎంతో, కటింగ్ ఎంతో అక్కడే తేలిపోతుంది. ఎన్ని వాట్స్ కావాలో అప్పుడు లెక్కేసుకోవచ్చు.