గట్టు కంటికేనా?

చెరువుగట్టునో సముద్రపుటొడ్డునో ‘సుందరీకరణ’ చేస్తామనగానే మనవాళ్ళు దీపాలు, రెయిలింగులు, బొమ్మలు లెక్కవేస్తారు. అక్కడ కూర్చున్న మనిషికి ఏం వినబడుతుందన్న ఊసే ఉండదు. 1986లో విగ్రహాలు వెలసిన ట్యాంక్‌బండ్‌నే చూడండి. నీటివైపు తిరిగి నిలబడితే వీపు వెనకే రోడ్డు. ఎదుట అంత హుస్సేన్‌సాగరమున్నా హారన్ల మోతలో ఒక్క అల చప్పుడు చెవినపడితే ఒట్టు!

క్రొయేషియాలోని జాదర్ పట్నం రెండో ప్రపంచయుద్ధంలో బాగా దెబ్బతింది. తర్వాత తీరం వెంట ఉత్త కాంక్రీటు గోడ కట్టి ఊరుకున్నారు. 2005లో నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్టు అక్కడ నీటిలోకి రాతిమెట్లు దించి, వాటికింద 35 గొట్టాలు అమర్చాడు. అల లోపలి గాలిని నెడుతుంది, పైన కన్నంలోంచి స్వరం పలుకుతుంది. కరెంటూ లేదు, వాయించేవాడూ లేడు.

మనకి అంత సంగీతం అక్కర్లేదు లెండి. కొత్తగా కట్టేచోట రోడ్డుకీ నడకదారికీ మధ్య మనిషెత్తు మట్టికట్ట పోసి, అరుగులు నీటి దగ్గరికి కిందికి దించితే టైర్ల రొద చాలావరకు తగ్గుతుంది. పలచటి పూలమొక్కల వరస చూపుకి అడ్డేగానీ చప్పుడుకి కాదు. నీటి అంచున రాళ్ళ వాలు పెడితే చిన్న అలక్కూడా గొంతొస్తుంది. మన సివిల్ విద్యార్థుల చేత ప్లాను గీయించేముందు, ఓ సాయంత్రం గట్టుమీద కళ్ళు మూసుకు కూర్చోబెట్టి, వినబడినవన్నీ రాయించమని లెక్చరర్లని అడుగుతున్నాను.