సెల్‌ఫోనులో తెలుగు జాబు

బరంపురంలోగాని, హోసూరులోగాని మన యిళ్లలో పిల్లలు తెలుగు చక్కగానే మాట్లాడుతున్నారు. బడిచదువు వేరొక భాషలో కావడంవల్ల చాలామందికి లిపి మాత్రం పట్టుబడలేదు. అందుచేత అమ్మమ్మకు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి పంపుతున్నారు. ఆ అక్షరాలు రాని అమ్మమ్మ మనుమరాలి జాబును పరాయివారిచేత చదివించుకోవలసి వస్తున్నది.

దీనికి మేము చెప్పే ఉపాయం సులువైనదే. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ వారి జీబోర్డు వుంటే, దాని సెట్టింగులలో ‘లాంగ్వేజెస్’ తెరచి, ‘యాడ్ కీబోర్డ్’ నొక్కి, తెలుగును ఎంచుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసే అమరిక అక్కడే వుంటుంది. దానిని పెట్టుకుని ఏ, ఎమ్, ఎమ్, ఏ అని కొడితే ‘అమ్మ’ అని తెలుగులో కనిపిస్తుంది. రోజూ చూస్తూవుంటే పిల్లలకు అక్షరాలు క్రమంగా గుర్తుకు వస్తాయి.

వ్రేళ్లు సహకరించని పెద్దలు తెలుగు కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి, నిదానంగా మాట్లాడితే చాలు, ఫోనే వ్రాసిపెడుతుంది. కాని యంత్రం ఒక్కొక్కప్పుడు ఒక మాటకు మరొకటి వేస్తుంది. మందుల పేర్లు, డబ్బు అంకెలు వున్న జాబును మరొకసారి చదువుకునే పంపాలి.

ఇలా వ్రాసినది యూనికోడ్ తెలుగు. పాత ఫాంటులలో కొట్టినట్లు అవతల అర్థంకాని గుర్తులుగా మారదు. చెన్నైలో వ్రాసినది పూనాలోనూ తెలుగుగానే కనిపిస్తుంది.

ఈ నెలలో మీ పిల్లలచేత అమ్మమ్మకో తాతయ్యకో ఒక్క జాబు వ్రాయించండి. నాలుగు ముక్కలైనా సరే, వారు స్వయంగా చదువుకుంటారు.