గాజు అర మీద రైలు
బొమ్మ రైళ్లు సేకరించేవాళ్లు భూకంపం అనగానే అద్దాల బీరువాను గోడకు బిగించి హమ్మయ్య అనుకుంటారు. రైలుకు చక్రాలుంటాయన్నదే మరుస్తారు! పుత్తూరులో అసలు గండం అదే. 2001 సెప్టెంబరు 25న పాండిచ్చేరి దగ్గర సముద్రంలో పుట్టిన 5.5 తీవ్రత కంపం చెన్నైని కుదిపింది. అలాంటిది ఎప్పుడో గానీ రాదు. ఊరి మీదుగా పోయే రేణిగుంట–అరక్కోణం లైను మీద గూడ్సు మాత్రం రోజూ వస్తుంది, పట్టాల పక్క ఇళ్లను అదిలించి పోతుంది. 2013లో మాంచెస్టర్ మ్యూజియంలో ఓ ఈజిప్టు విగ్రహం గాజు అర మీద తనంతట తానే తిరుగుతోందని శాపాల కథలు అల్లారు. తీరా చూస్తే, బయటి రద్దీ అదురుకు ఉబ్బెత్తు అడుగున్న ఆ రాయి మెల్లగా జరుగుతోంది. రాతి బొమ్మే కదిలితే దొర్లడానికే పుట్టిన ఇంజను ఊరుకుంటుందా? విరిగిన ఎముకకైతే పుత్తూరు కట్టుంది గానీ, విరిగిన బొమ్మ బఫరుకు ఏ కట్టూ లేదు. ఈ కాలమ్ ఓటు రైల్వే యార్డు పద్ధతికే: అక్కడ నిలిపిన వ్యాగన్ల చక్రాల కింద చెక్క ముక్కలు దూరుస్తారు, గొలుసులు వేస్తారు. ఇంట్లోనూ అంతే. పట్టా ముక్కను మెత్తని మైనంతో అరకు అంటించి, దాని మీద రైలు నిలిపి, చక్రాలకు ఫోమ్ ముక్క అడ్డుపెట్టాలి. అర అంచుకు చిన్న పట్టీ, తలుపుకు గొళ్లెం కూడా ఉండాలి. బరువైన ఇంజన్లు కింది అరలోకే పోవాలి, ఎంత ముద్దొచ్చినా సరే.