ఎవరి తాలూకా?

కోనసీమలో కొత్త మనిషి కనిపిస్తే మొట్టమొదట అడిగేది, "ఎవరి తాలూకా అండీ?" అని. ఫలానావారి అల్లుడనో, ఫలానావారి వేలువిడిచిన మేనత్త కొడుకనో తేలేదాకా ఎదటివాళ్లకి ఊపిరాడదు. మగవాడికి ఈ ప్రశ్న అరుగు మీదే ఆగిపోతుంది. రచయిత్రిని మాత్రం సాహిత్య చరిత్ర దాకా వెంటాడుతుంది.

చావలి బంగారమ్మగారి సంగతే చూడండి. 1897లో కొత్తపేట దగ్గర మోడేకుర్రులో పుట్టారు. ముద్దుకృష్ణ 1935లో తెచ్చిన 'వైతాళికులు' కవితా సంకలనంలో ఆమె గీతాలున్నాయి. కృష్ణశాస్త్రి భావకవిత్వపు గాలి బలంగా వీస్తున్న రోజులవి. ఆ గాలిలోనే ఉంటూ ఈమె వాడుక మాటల్ని, ఆడవాళ్లు పాడుకునే పాటల నడకని వదలలేదు. అయినా ఆమె పేరెత్తితే సాహిత్యం తెలిసినవాళ్లు కూడా, "కొంపెల్ల జనార్దనరావు అక్కగారు కదూ" అంటారు. ఆ కొంపెల్ల 'ఉదయిని' పత్రిక నడిపి, 1937లో చిన్న వయసులోనే కన్నుమూసిన మనిషి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' అంకితమివ్వకపోతే ఆయన పేరైనా ఇవాళ ఎంతమందికి తెలిసేది? అంటే బంగారమ్మగారిని చూడాలంటే శ్రీశ్రీ వీధిగుమ్మంలోంచి వెళ్లి, కొంపెల్ల వసారా దాటి, పెరట్లోకి తొంగిచూడాలన్నమాట. తమ్ముడికన్నా ఆమె పదేళ్లు పెద్ద.

ఆమె పుస్తకం 'కాంచన విపంచి' 1958లో వచ్చింది. 'వైతాళికులు' నుంచి లెక్కేస్తే 23 ఏళ్లు. మన సాహిత్య చరిత్రలు ఆ ఏళ్లన్నిటినీ రెండు మూడు వాక్యాల్లో దాటేస్తాయి. నాకు మాత్రం మనసంతా అక్కడే ఉంది. పాట ఎక్కడ తట్టేది, పొయ్యి దగ్గరా నూతిగట్టు మీదా? తట్టినది కాగితం మీదికి వచ్చేలోగా ఎన్ని పనులు అడ్డం వచ్చేవి? ముందుగా ఎవరికి వినిపించేవారు? వినేవాళ్లు లేనప్పుడు ఏం చేసేవారు? ఆమె 1970 దాకా ఉన్నారు. వెళ్లి చాప మీద కూర్చుని అడగడానికి తెలుగువాళ్లకి బోలెడంత వ్యవధి ఉండేది.

అడక్కపోయినా తామే రాసుకున్నవాళ్లు లేకపోలేదు. బసవరాజు రాజ్యలక్ష్మమ్మగారు 'సౌదామిని' పేరుతో కవిత్వం రాశారు. తర్వాత జ్ఞాపకాలు రాశారు. ఆ పుస్తకం పేరు 'అప్పారావుగారూ నేనూ'. 'నేను' ఉంది, కాని రెండో స్థానంలో, భర్త పేరు వెనకాల. ఇదేం ఆక్షేపణ కాదు. ఆ పుస్తకాన్ని ప్రేమగా చదువుకున్నవాణ్ణి. పేరు దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగుతాను. ఏడిదము సత్యవతిగారు 1934లోనే తన పుస్తకానికి 'ఆత్మచరితము' అని పేరు పెట్టుకున్నారు. వెనకా ముందూ ఎవరూ లేరు. తొంభై ఏళ్ల కిందట ఆ ఒక్క మాట అచ్చువేయించడానికి ఎంత గుండె కావాలో!

చాలాకాలానికి, 1999, 2000 ప్రాంతాల్లో, హైదరాబాదులోని స్త్రీల సంస్థ 'అస్మిత' వారు, రచయిత్రుల సంస్థ 'విమెన్స్ వరల్డ్' వారు కలిసి మన దేశ భాషల రచయిత్రులను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఓల్గా, వసంత కన్నబిరాన్ ఆ పనిలో ముందున్నారు. నిషేధాల సంగతి మాట్లాడుకుందామని మొదలుపెడితే, మాటలన్నీ ఇంటి చుట్టూ తిరిగాయి. అత్తవారు ఏమనుకుంటారో, ఈ పాత్ర ఫలానా పిన్నిలా ఉందని ఎవరు గుర్తుపడతారో. ఏ పోలీసూ చింపక్కర్లేదు, కలం పట్టుకున్న మనిషే ముందు కొట్టేసుకుంటుంది. ఆ అనుభవాలు 2001లో 'ది గార్డెడ్ టంగ్' అనే పుస్తకంగా వచ్చాయి. కొట్టివేతల్ని సృజనలో భాగంగా చూడటం నేను నేర్చుకున్నది అందులోంచే.

ఇక మా తప్పు. ఈ పత్రిక మొదలుపెట్టిన కొత్తలో రచయిత్రుల ముఖాముఖి వేసినప్పుడల్లా, "ఇంటిపని చూసుకుంటూ ఇంత చక్కగా ఎలా రాయగలుగుతున్నారు?" అని అడిగేవాళ్లం. పైగా అది మెచ్చుకోలనుకునేవాళ్లం. ఆ ఇంటిపని పక్కనున్నాయన ఎందుకు చెయ్యలేదో ఒక్కసారైనా అడగలేదు. అబ్బూరి ఛాయాదేవిగారి 'సుఖాంతం' కథలో ఇల్లాలికి కావలసింది కంటినిండా నిద్ర, అంతే. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఈ రెండు కథలూ చదివినవాడెవడూ ఆ ప్రశ్న వెయ్యకూడదు. చదివీ వేశాను.

అందుకే ఈసారి 'నా రాత' శీర్షికకి వ్యాసాలు పంపమని మన ప్రాంతపు ఆడవాళ్లను అడిగినప్పుడు, "మీకు ప్రేరణ ఎవరు?" అనలేదు. ఏ వేళ రాస్తారు, దేని మీద రాస్తారు, రాసింది ఎక్కడ దాస్తారు, ఏది కొట్టేశారు, ఎన్నేళ్లు మానేశారు, మానేసినప్పుడు ఏం చేశారు అని మాత్రం అడిగాం. 1996 తుఫాను రాత్రి రేకుపెట్టెలో తడిసిపోయిన నోటుబుక్కు గురించి ఒకామె రాశారు. కువైట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తూ, రాత్రిళ్లు ఫోన్లో కథ చెప్పి చెల్లెలి చేత రాయించుకుంటున్నారు మరొకామె. ఇద్దరి వ్యాసాలూ లోపలి పేజీల్లో ఉన్నాయి.

మూడో వ్యాసం రాజోలు వైపు నుంచి వచ్చింది. కింద ఒట్టి పేరు మాత్రమే ఉంది. ఇంటిపేరు ఏది వెయ్యమంటారమ్మా అని ఫోను చేశాను.

"పుట్టింటిది వేస్తే మా ఆయన చిన్నబుచ్చుకుంటారండి. అత్తింటిది వేస్తే మా నాన్న లేరు కదా, చూసుకోడానికి... ఆయ్, రెండ్రోజులు ఆగండి మాస్టారూ, ఆలోచించుకుని చెప్తాను."

ప్రెస్సుకి వెళ్లేలోపు చెబితే చాలన్నాను. ఇది రాస్తున్నప్పటికి ఇంకా ఫోను రాలేదు. ఆ పేజీలో పేరు ముందు చోటు అలాగే వదిలి ఉంచాం.