పడవలో ఒక క్లాసు

ఏటా మన యూనియన్ ఒక పిక్నిక్ వేస్తుంది. బస్సు, మైకు, పులిహోర పొట్లాలు, గ్రూపు ఫోటో - అంతే! ఈసారి మేం పదిమందిమి కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు వెళ్ళాం. 1978లో అభయారణ్యమైన చోటు అది. దారి చూపడానికి వచ్చిన పెద్దాయన బడి గడప తొక్కని మత్స్యకారుడు. "బాబూ, ఆ తిల్ల కొమ్మ ఇరవకండి, పాలు కంట్లో పడితే సూపు పోద్ది" అన్నారు. ఇంజను ఆపి తెడ్డు వేశారు. అప్పుడుగాని నీటికుక్కలు కనబడలేదు! చెక్కబాట మీద నడుస్తుంటే, బురదలోంచి మేకుల్లా లేచిన వేళ్ళు చూపి, చెట్టు వాటితోనే ఊపిరి తీస్తుందన్నారు.

1839 తుపాను కోరంగి రేవును నాశనం చేసిందని చదివి మరిచిపోయాం. ఉప్పెన ఉధృతిని తగ్గించేది ఈ మడలేనని అక్కడ నిలబడ్డాకే ఒంటబట్టింది.

అతిథి ఉపన్యాసకులకు శాలువా కప్పుతాం. ఆ పెద్దాయనకు మాత్రం టీ ఖర్చులిచ్చి వచ్చేశాం. సిగ్గనిపించింది. వచ్చే ఏడు మైకు అద్దె మానేసి, ఆ సొమ్ము అలాంటివారికి గౌరవ వేతనంగా ఇవ్వాలని యూనియన్‌కు నా మనవి. లెక్చరర్ మహాశయులు కూడా మాతో పడవెక్కాలి మరి!